దీపాల గూళ్ళు కావవి

సముద్రంలో పొద్దు మునగడం చూపిస్తామని రంగు కాగితం మీద అచ్చేసి అపార్ట్‌మెంటులో ఇంటింటికీ పంచారు గానీ, మన వైపు సముద్రంలో పొద్దు పుడుతుందే తప్ప మునగదని బస్సులో వచ్చిన ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికైనా తోచినట్టు లేదు. తిరుపతిలో పది గంటలకు బయలుదేరిన బస్సు పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటి, దారిలో భోజనాలకు ఆగి, ఫోటోలకు ఆగి, మహాబలిపురం చేరేసరికి నాలుగున్నర దాటింది. ఇప్పుడు టిక్కెట్లు చూపించి, చెప్పుల్లో పడ్డ ఇసక దులుపుకుంటూ అందరూ తూర్పుకే నడుస్తున్నారు, ఎరుపు మాత్రం వాళ్ళ వీపుల వెనక మొదలవుతోంది. కృపామణికి తెలుసు. ముప్పై ఏళ్ళు కూలికి పోయిన మనిషికి పొద్దు ఎటు గుంకుతుందో ఒకరు చెప్పాలా? తెలిసీ చెప్పలేదు. తెలిసినది చెప్పకుండా ఉండటం ఈ ఎనిమిది నెలల్లో ఆమెకు బాగా అలవాటైంది, కొడుకు ఏబెల్ తిరుపతిలో ఆ మూడో అంతస్తు ఇల్లు అద్దెకు తీసుకున్నప్పటి నుంచీ. కాదు, అంతకు ముందు నుంచే. మూడేళ్ళ నుంచీ. తనకు తాను లెక్క తగ్గించి చెప్పుకోవడం కూడా ఒక అలవాటే, పాడు అలవాటు.

అందరికీ ఆ పొద్దు ఒక వేడుక. ఆమెకు గడువు. పొద్దున బస్సు పుత్తూరు బజారులో నిదానించినప్పుడు మునిరత్నమ్మ ఫోను చేసింది. ఎముక విరిగితే కట్టు కట్టే వాళ్ళ బోర్డులు వరసగా కనిపిస్తుంటే, ఏబెల్ నాయన మణికట్టు విరిగినప్పుడు ఈ ఊరికే కదా తీసుకొచ్చింది, గుడ్డ చుట్టి వెదురు బద్దలు కడుతుంటే నొప్పికి ఓర్చుకోలేక ఎంత బూతులు తిట్టాడు, కట్టే పెద్దాయన నవ్వి ఇంకా తిట్టు నాయనా ఎముక బాగా కూర్చుంటుంది అన్నాడు కదా అని ఆమె తనలో తాను నవ్వుకుంటూ ఉండగా మోగింది ఫోను. మునిరత్నమ్మ మొగుడు మునికృష్ణ కూడా ఏబెల్ నాయన చేసిన క్వారీలోనే పనిచేసి, అదే దగ్గుతో, ఆయనకన్నా ఆరు నెలలు ముందు పోయాడు. క్వారీ వాళ్ళ కాగితం మీద మునిరత్నమ్మ సంతకం పెట్టలేదు. అప్పటి నుంచి పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. “అక్కా, సోమవారం చిత్తూరు కలెక్టరాఫీసులో విచారణ పెట్టినారు. మన మొగోళ్ళు ఆ క్వారీలో పనే చేయలేదంటా ఉండారు వాళ్ళు. నువ్వొచ్చి కండ్లతో సూసింది చెప్తే సాలు, ఇంగ నాకేమీ వద్దు. వస్తావో రావో పొద్దు గుంకేలోపల చెప్పు, పేర్లు రాయించల్ల,” అని పెట్టేసింది. పక్క సీటులో ఏబెల్ కళ్ళు మూసుకునే అన్నీ విన్నాడు. “నువ్వు పోవద్దుమా. అయిపోయిందేదో అయిపోయింది. మనం ఇప్పుడు ఈడ ఉండాం, వీళ్ళ మధ్యలో,” అన్నాడు మెల్లగా, ముందు సీటు వాళ్ళకు వినపడకుండా. ఆమె కిటికీ వైపు తిరిగింది. సరే అని మాత్రం అనలేదు, అది వాడు గమనించినట్టు లేదు.

గాలి కొంగు నిలవనివ్వడం లేదు. ఎర్ర జెండా పట్టుకుని ముందు నడుస్తున్న గైడు భానుచందర్ ఎప్పటెప్పటి రాజుల పేర్లో గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు, వాళ్ళ బిరుదులు కూడా చెబుతున్నాడు, ఒక్కో రాజుకు నాలుగేసి బిరుదులు. వెనకే అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు సుబ్రమణ్యం గారు, రిటైరైనా పెత్తనం రిటైరు కాని మనిషి, ప్రతి పేరుకూ తల ఊపుతున్నాడు, ఆ రాజు ఆయన కింద పనిచేసినట్టు. మంచివాడే పాపం. ఇంట్లో వంటగట్టుకు రాయి వేయించుకునేటప్పుడు ఆమెను పిలిచి సలహా అడిగాడు. “మీవారిది గ్రానైట్ వ్యాపారం కదమ్మా, నల్లది మంచిదా, బూడిద రంగుదా?” అని. గ్రానైట్ వ్యాపారం! ఆ మాట మొదటిసారి ఏబెల్ నోట లిఫ్టులో విన్నప్పుడు ఆమె నిజంగానే వెనక్కి తిరిగి చూసింది, ఎవరి నాయన గురించి చెబుతున్నాడో అని. వాడి ముఖం ఎర్రబడి ఉంది. వాడి కాళ్ళకు కొత్త బూట్లు. సరేలే, బిడ్డ నలుగురిలో తల ఎత్తుకోవాలని చూస్తున్నాడు అనుకుంది. సుబ్రమణ్యం గారికి నల్లదే వేయించుకోండి, నూనె మరక కనపడదు అని చెప్పింది, రాయి మీద నీళ్ళు చల్లి చూసుకోండి, తొందరగా పీల్చుకుంటే వద్దనండి అని కూడా చెప్పింది. అబద్ధానికి నిజమైన సలహా. ఆ సలహా ఎవరి అరచేతిలోంచి వచ్చిందో ఆయనకు తెలిస్తే వంటగట్టు కడిగించుకుంటాడో, ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాడో, ఏదైనా కానీ, తెలియాలి కదా అని ఆ రాత్రి పడుకున్నాక అనిపించింది. ఇప్పుడు ఈ ఇసకలో నడుస్తుంటే మరీ అనిపిస్తోంది.

ఏబెల్ నాయన పని నుంచి వచ్చేటప్పుడు మనిషి రంగు తెలిసేది కాదు. తల, మీసం, కనురెప్పల వెంట్రుకలు అన్నీ తెల్లగా, ముసలివాడి వేషం కట్టినట్టు ఉండేవాడు. మూడేళ్ళ ఏబెల్ చూసి బూచోడని ఏడ్చి ఆమె కాళ్ళ మధ్య దూరేవాడు, ఆయన వాకిట్లోనే బిందెడు నీళ్ళు పోసుకుని ఇప్పుడు సూడురా మీ నాయన్ని అని పిలిచేవాడు, అప్పుడు గానీ వాడు దగ్గరికి పోయేవాడు కాదు. ఇప్పుడు కూడా వాడు చేస్తున్నది అదే, తండ్రికి నీళ్ళు పోసి తెల్లదుమ్ము కడిగేసి ఇదిగో మా నాయన అంటున్నాడు. కానీ అప్పుడు దుమ్ము కిందున్నది ఆయనే, ఇప్పుడు కిందున్నది ఎవరు? ఎవరో గళ్ళ చొక్కా వేసుకున్న వ్యాపారి. ఆ మనిషిని ఆమె ఎరగదు. ఆ మనిషితో కాపురం చేయలేదు. ఆ మనిషికి వేళ్ళ మధ్య అంత మందాన కాయలు ఉండవు, రాయిని చూసి దానితో మాట్లాడడు. రాయిని చీల్చడమంటే బలంతో పని అనుకుంటారు చూసేవాళ్ళు, బలం సగమే, ముందు రాయి వాటం కనిపెట్టాలి, ఆయన నీళ్ళు చల్లి అరచేత్తో నిమిరి ఇటు చీలుతుంది, ఇటు చీలదు అని చెప్పేవాడు. ఆ వాటం వెంబడి వరసగా బొక్కలు తొలిచి, బొక్కకొక ఇనప చీల దించి, ఈ కొస నుంచి ఆ కొసకు చీలకొక దెబ్బ, మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకు చీలకొక దెబ్బ, ఒకే చీల మీద వెంటవెంటనే రెండు దెబ్బలు పడకూడదు, పడితే రాయి అలుగుతుంది అనేవాడు. అట్లా నాలుగైదు సార్లు పోయి వచ్చేసరికి ఖంగుమనే రాయి గొంతు మారి మూలిగేది. అప్పుడు ఆయన చెయ్యెత్తేవాడు. కంకర మోసే ఆడవాళ్ళందరూ గంపలు దించేవాళ్ళు, ఎవరూ దగ్గకూడదు, నవ్వకూడదు, ఆ కాసేపట్లో రాయి తనంతట తానే గోడంత పొడవున విచ్చుకునేది. ఆమె మనసు పడింది అట్లాంటి ఒక నిశ్శబ్దంలోనే, పెళ్ళికి ముందు, గంప చంకన పెట్టుకుని, ఆ ఎత్తిన చెయ్యిని చూస్తూ. ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు.

తర్వాత మిషన్లు వచ్చాయి. చీలలు పోయి రాయిని తొలిచే గాలి మిషను వచ్చాక దుమ్ము మేఘంలా లేచేది, మూతికి తడిగుడ్డ కట్టుకుంటే గంటలో అది అట్టలా గట్టిపడేది. మునికృష్ణకు ముందు దగ్గు వచ్చింది, ఆ తర్వాత ఆయనకు. బీడీలు తాగితే దగ్గు రాదా అన్నాడు క్వారీ మేస్త్రీ, ఆయన జన్మలో బీడీ ముట్టలేదు, బీడీ తాగేవాడి పక్కన కూర్చుని అన్నం కూడా తినేవాడు కాదు. చివరి మూడు నెలలు పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు, ఆమె కూడా పక్కన కూర్చునే నిద్రపోయింది, కూర్చుని నిద్రపోవడం వచ్చేసింది ఇద్దరికీ. ఆయన పోయిన పదోనాడు తెల్ల కారులో క్వారీ ఓనరు మనుషులు ఇద్దరు వచ్చారు. వాళ్ళు తెచ్చిన కాగితం మీద టైపు కొట్టి ఉంది, నా భర్త సదరు క్వారీలో ఏనాడూ పనిచేసి ఉండలేదు అని. చదువు రాదు, ఏం రాసుందో తెలియక సంతకం పెట్టేశాను అని చెప్పుకోవడానికి కూడా లేదు ఆమెకు. మిషనరీల బడిలో ఏడో తరగతి దాకా చదివింది, రోజూ పడుకోబోయే ముందు బైబిలు తీసి ఒక పేజీ అయినా చదువుతుంది, అబద్ధ సాక్ష్యం గురించి అందులో ఏముందో ఎవరూ ఆమెకు చెప్పనక్కర లేదు. ప్రతి అక్షరం చదివి పెట్టింది. “మీవాడు ఎంటెక్ చదివినాడంట గదమ్మా. మా ఓనరు బావమరిదికి కాలేజీ ఉండాది. ఒక మాట చెప్తే చాలు,” అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకడు, చాప మీద చక్కగా బాసిపట్టు వేసుకుని కూర్చుని. రెండు నెలలకు ఏబెల్‌కు ఉద్యోగం వచ్చింది. తన మార్కులు చూసి ఇచ్చారని వాడు అనుకున్నాడు. మార్కులు లేవని కాదు, వాడి చదువు వాడిదే, రాత్రింబవళ్ళు చదివాడు, కానీ ఆ కాలేజీ తలుపు తెరిపించింది తల్లి, తండ్రి పనిని కాదని చెప్పి. వాడికి ఈ సంగతి తెలియదు. తెలియకపోవడం వల్లే కదా వాడు అంత సులువుగా, అంత శుభ్రంగా, వ్యాపారం అనగలుగుతున్నాడు. తప్పు ఎవరిది? నాదే, నాదే అనుకుంటూ ఆమె ఇసకలో గబగబా నడిచింది, ఏబెల్ వెనక నుంచి మెల్లగా పోమా అంటున్నా వినకుండా.

గుడి దగ్గరికి వచ్చేసరికి రగడ మొదలైంది. నీళ్ళను ఆనుకుని నిలబడ్డ ఆ పాత గోపురాలు నల్లబడిపోయి, బొమ్మల ముక్కులూ ముఖాలూ ఉప్పుగాలికి అరిగిపోయి ఉన్నాయి, వాటి వైపు ఎవరూ చూడటం లేదు. సముద్రం బూడిద రంగులో ఉంది. పొద్దు వెనక, లైట్‌హౌసు వైపు, చెట్ల పైన ఉంది. సుబ్రమణ్యం గారు కాగితం తీసి గైడు ముఖం ముందు పెట్టారు. “ఏమయ్యా, ఇందులో సూర్యుడు సముద్రంలో ఉన్నాడు కదా, ఎక్కడయ్యా?” భానుచందర్ తడుముకోలేదు. “సార్, సముద్రం ఇటు సూడండి, సూర్యుడ్ని అటు సూడండి. రెండూ ఒక టిక్కెట్టు మీదనే గదా సార్!” అన్నాడు. ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. కృపామణికి కూడా నవ్వు వచ్చింది, ఆ కాగితం చూడగానే ఆగిపోయింది. అచ్చేసి పంచారు కాబట్టి ఇంతమంది పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, కళ్ళెదుట సూర్యుడు ఇంకోవైపు ఉన్నా కాగితాన్నే పట్టుకుని అడుగుతున్నారు. టైపు కొట్టిన కాగితం కూడా అంతే. సోమవారం ఆ ఆఫీసులో దాన్నే బల్ల మీద పెడతారు, ఇదిగో ఆయన భార్యే రాసిచ్చింది, ఇంక ఈ మునిరత్నమ్మ మాటకు విలువేముంది అంటారు. అంటే తన సంతకం తన ఇంటితో ఆగలేదు. మునికృష్ణ చేసిన పనిని కూడా అదే కొట్టేసింది. ఇన్నాళ్ళూ ఇది తట్టలేదా? తట్టింది. తట్టినప్పుడల్లా లేచి గిన్నెలు తోముకుంది. ఇక్కడ తోమడానికి గిన్నెలు లేవు, ఎటు చూసినా రాళ్ళే. నడుము మీద చేతులు పెట్టుకుని ఆమె ఆ గోపురాల వైపు ఎగాదిగా చూసింది, అరిగిపోయినా ఒక్కో అంచులో ఉలి పోయిన దారి ఇంకా తెలుస్తూనే ఉంది. ఎవరో చెయ్యెత్తి ఉంటారు ఇక్కడ కూడా, ఎవరో ఆడది గంప దించి ఉంటుంది.

కాపలావాడు ఈల వేశాడు, ఆరవుతోంది, బయటికి నడవమని. తిరిగి పోయే దారిలో ఒక పెద్ద రాతి గుండు ఉంది, దాని నడుము మీద ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా బొక్కలు. భానుచందర్ జెండా ఎత్తి అందరినీ ఆపాడు. “ఇవి దీపాల గూళ్ళు. పండగ రోజుల్లో రాజుగారు ఈ గూళ్ళన్నిట్లో దీపాలు పెట్టిస్తే సముద్రంలో పోయే పడవలకు కనపడేదంట!” అన్నాడు. అబ్బా అన్నారు అందరూ. ఒకామె ఫోనులో లైటు వేసి ఒక బొక్కలో పెట్టింది, ఇంకో ముగ్గురు పెట్టారు, చూస్తుండగానే ఆ గుండు చుట్టూ ఫోటోల సంబరం. కృపామణి వాళ్ళను పక్కకు జరిపి వచ్చింది. చూపుడువేలు బొక్కలోకి పెట్టింది. పైన వెడల్పు, లోపలికి పోయే కొద్దీ సన్నం, అడుగున నున్నగా లేదు. చెయ్యి అట్లాగే పక్కకు జరిపి రెండోది, మూడోది, జానెడుకొకటి. ఏడో దాని దగ్గర రాయి కొంచెం పగిలి, ఆ పగులు పైకి మెలితిరిగి ఆగిపోయింది. ఆయన పక్కన నిలబడి ఉంటే నాలుక చప్పరించి ఉండేవాడు.

“దీపాలకు కాదప్పా ఇవి,” అంది.

గైడు వినపడనట్టు జెండా ఊపాడు. ఆమె గొంతు పెంచింది. “దీపాలకు కాదు. చీలలు దించేదానికి. ఈ గుండును నిలువునా చీల్చల్లని బొక్కలు కొట్టినారు. వాటం సరిగ్గా సూడలా. ఈడికి వచ్చేసరికి రాయి మొండికేసింది, సూడు, ఎట్ల తిరిగిందో. ఇంగ చేసేదేమీ లేక వదిలేసి పోయినారు.” వేలు ఇంకా ఆ బొక్కలోనే ఉంది. ఆ గుండు మీద ఆమెకు చెప్పలేనంత ఇష్టం పుట్టింది.

సుబ్రమణ్యం గారు వంగి చూశారు, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని. “అవునయ్యా, చమురు మరకే లేదు. మీకు ఎంత బాగా తెలుసమ్మా! మీవారు వ్యాపారం పని మీద క్వారీలకు పోయేవారేమో?” ఆమె నోరు తెరిచేలోపు ఏబెల్ ముందుకు వచ్చాడు. “అవును సార్, నాయన అప్పుడప్పుడు సైటుకు...”

“అప్పుడప్పుడు కాదు,” అంది కృపామణి. “కోడి కూసినప్పుడు పోయి పొద్దు గుంకినాక వచ్చేటోడు. వ్యాపారం కాదు సార్, రాయి కొట్టేది. నేను కంకర మోసినాను. నా కొడుకు చెప్పింది అబద్ధం, నేను ఊఁ కొట్టింది అబద్ధం. ఆ రాతిదుమ్ముతోనే ఆయన పోయినాడు. ఆయన ఆ పనే చేయలేదని కాగితం మీద సంతకం పెట్టినాను, అది అన్నిటికన్నా పెద్ద అబద్ధం.” ఫోనుల లైట్లు ఒక్కొక్కటే బొక్కల్లోంచి బయటికి వచ్చాయి.

ఏబెల్ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “ఏం సంతకంమా? యాడ పెట్టినావు? నాకు చెప్పలేదే?”

“నీ ఉద్యోగానికి పెట్టినాను నాయనా.”

వాడు చెయ్యి వదిలేశాడు. వాడి ముఖంలోకి చూసేసరికి ఆమెకు వాడి తల పట్టుకుని కాదురా, ఊరికే అన్నాను అని చెప్పాలనిపించింది, మూడేళ్ళుగా చేస్తున్నది అదే కదా, అందుకే కాళ్ళు కదపకుండా నిలబడింది. కాలేజీలో ఉంచుతారో తీసేస్తారో, ఎంటెక్ చదివినవాడు ఇంకోచోట ఉద్యోగం వెతుక్కోలేడా, వెతుక్కుంటాడు, వాడి నాయనకు అయితే ఇంకో ఊపిరితిత్తి ఎక్కడా దొరకలేదు. అప్పుడే ఫోను మోగింది. లైట్‌హౌసు పక్కన పొద్దు గోరంత మిగిలి ఉంది. “అక్కా, ఏమి చేస్తావు?” అంది మునిరత్నమ్మ.

“వస్తా రత్నా. రాయించు.”

అవతల ముక్కు చీదిన శబ్దం వచ్చింది. “లాయరు మోహన్‌కృష్ణ సారు పక్కనే ఉండాడు అక్కా. నువ్వే మాట్లాడతా ఉండావని తెలియల్లంట, నీ పేరు, అన్న పేరు నీ నోటితోనే చెప్పల్లంట. సోమవారం ఆడ కూడా అట్లనే అడగతారంట. చెప్తావా?”

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె ఆయన పేరు పలికింది లేదు. రేషను కార్డు రాసేటప్పుడు పక్కింటామె చెప్పింది, ఆసుపత్రిలో ఏబెల్ చెప్పాడు, చర్చిలో ప్రార్థన చేయించమని అడిగినప్పుడు కూడా మా ఏబెల్ నాయన అనే అంది, ఆ తెల్ల కారువాళ్ళు పేరు చదివి ఈయనే కదా అంటే తల ఊపింది. మొగుడి పేరు ఆడది అనకూడదని కూర్చోబెట్టి నేర్పినవాళ్ళు లేరు, తన అమ్మ అనలేదు, అవ్వ అనలేదు, అంతే. అలవాటుగా ఆమె ఏబెల్ వైపు చూసింది, నువ్వు చెప్పరా అన్నట్టు. వాడు తల వంచుకుని ఇసకలోకి చూస్తున్నాడు. సుబ్రమణ్యం గారు, గైడు, ఆడవాళ్ళు, అందరూ ఆమెనే చూస్తున్నారు. పెదవులు తడుపుకుంది.

“కృపామణి. నా మొగుడు ఎల్లప్ప.”

“గాలికి వినపళ్ళా అక్కా, ఎవురూ?”

“ఎల్లప్ప!” అని అరిచింది ఆమె, గుండుకు అటువైపు ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూసేటట్టు. “రాయి కొట్టే ఎల్లప్ప!”